టైమర్ బోర్డు కొనేవాళ్లకు: కౌంటర్ మీద చూపించేది వేరు, కవర్లో వేసేది వేరు

కోఠిలో ఏ కొట్టో చెప్పను. ఎలక్ట్రానిక్ పార్టుల కోసం అక్కడి గుజరాతీ గల్లీ చుట్టూ తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు కూడా.

మా బడి ప్రదర్శన గదిలో, అద్దాల బీరువాలో పాత శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఉంది. కరక్కాయ పువ్వు పసుపు లాంటి చెట్ల రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. అందుకని బటన్ నొక్కితే నిమిషంలోపు లైటు దానంతటదే ఆరిపోయేలా పెడదామనుకున్నాం. టైము లెక్కపెట్టే 555 చిప్ ఉన్న టైమర్ బోర్డు ఒకటి, దాని మీద రిలే (బోర్డు చెప్పినట్టు లైటును వేసి ఆపే స్విచ్), కాలింగ్ బెల్ లాంటి బటన్. అంతే పని.

కొట్టులో కౌంటర్ మీదే కలిపి చూపించాడు. నొక్కితే టిక్, 50 సెకన్లకు మళ్లీ టిక్. ఫోన్లో టైము చూసి మరీ మురిసిపోయా. 450 ఇచ్చా. "ఇది డెమో పీస్ సార్, మీకు కొత్తది ఇస్తా" అంటూ కింద డబ్బాలోంచి ఇంకోటి తీసి కవర్లో వేశాడు. నేను తల ఊపా. ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్న తల!

బిగిస్తే లైటు 5 సెకన్లే వెలిగింది. పిల్లలు ఊరుకుంటారా? బొమ్మ చూసేలోపే ఆరిపోతుంటే టకటకా నొక్కుతూనే ఉన్నారు. ఎల్‌ఈడీ లైటు వేసిన ప్రతిసారీ ఆ క్షణం కరెంటు గట్టిగా లాగుతుంది. ఆ దెబ్బలకు రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయి. అది శుక్రవారం సాయంత్రం. మర్నాడు రెండో శనివారం. సోమవారం తలుపు తీస్తే లైటు వెలుగుతూనే ఉంది. 63 గంటలు! రోజుకు అరగంట చొప్పున నాలుగు నెలలు పడాల్సిన వెలుతురు ఆ గుడ్డ మీద ఒక్కసారే పడింది. చూడ్డానికి అలాగే ఉంది. కానీ రంగు పోవడం వెంటనే కంటికి కనబడదు, పోయాక తిరిగి రాదు.

బోర్డు విప్పా. లైటు ఎంతసేపు వెలగాలో తేల్చేవి బోర్డు మీది కెపాసిటర్, రెసిస్టర్. 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాల్సిన చోట 47 ఉంది. 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో లెక్కేస్తే కచ్చితంగా ఆ 5 సెకన్లే. రిలే మీద అక్షరాలు గరుకు కాగితంతో రుద్దేశారు. కాళ్ల దగ్గర పాత టంకం. ఎవరో తిరిగిచ్చిన సరుకన్నమాట.

పట్టుకెళ్లి చూపిస్తే బోర్డును గోటితో ఇటు తిప్పి అటు తిప్పి, "మీరే కాల్చేశారు సార్" అన్నాడు. 47 సంగతి అడిగా. నవ్వాడు. "ఒక్క సున్నాకు ఇంత లొల్లా సార్? టీచరా మీరు?" పక్కన సోల్డరింగ్ చేస్తున్న కుర్రాళ్లు కూడా నవ్వారు. నా డెమో పీస్ అక్కడే కౌంటర్ మీద ఉంది. ఇంకెవరికో టిక్కుమనిపిస్తున్నాడు. బిల్లు అడగలేదు నేను, అదీ నా తెలివి.

కొంటే కవర్లో వేసే పీసునే కలిపి చూపించమనండి, కెపాసిటర్ మీద అంకె చదవండి. లైటుకు మామూలు స్విచ్ ఒకటి విడిగా పెట్టి, సాయంత్రం తాళం వేసేముందు ఆపేయండి.

బటన్ మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది. దాన్ని వేరే కొట్లో కొన్నా.