రెండు మూలలు ఇరుకు, రెండు మూలలు వెడల్పు: మార్పులు చేయించిన పూల్ టేబుల్, 16 నెలల వాడకం తర్వాత

ఇది 8 అడుగుల పూల్ టేబుల్. ఆడే జాగా 88 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు. అడుగున అంగుళం మందం స్లేట్ (పలకరాయి), మూడు ముక్కలు. పైన నూగు లేని నున్నటి ఉన్ని క్లాత్. బెంగళూరులో మారతహళ్లి వైపు ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఉంది. రోజూ సాయంత్రం ఆరు నుంచి పదింటి దాకా ఖాళీ ఉండదు. ఆడేవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళు, కొందరు స్నూకర్ నేర్చి వచ్చినవాళ్ళు, మిగతావాళ్ళు ఇక్కడే మొదటిసారి క్యూ (ఆడే కర్ర) పట్టుకున్నవాళ్ళు. ఆట మరీ తేలికైపోయింది, బ్రేక్ (బంతుల గుంపుని చెదరగొట్టే మొదటి షాట్) బాగా పడితే అవతలివాడికి క్యూ ముట్టుకునే పని కూడా లేదు అన్న మాట పదేపదే వినబడి, టేబుల్‌కి మూడు మార్పులు చేయించాం. మూలల నోళ్ళు తగ్గించడం, మధ్య పాకెట్లకి బిరడాలు, టేబుల్ మధ్యలో పోస్టులు (బంతులకి అడ్డంగా నిలబెట్టే దిమ్మెలు). మొదటిది నూటికి నూరుపాళ్ళూ నిలిచింది. రెండోది వారానికి రెండు రోజులు వాడుతున్నాం. మూడోది సగం నిలిచింది, సగం తీసేశాం.

ముందు మూలల సంగతి. టేబుల్ వచ్చినప్పుడు మూల పాకెట్ నోరు 5 అంగుళాలు, అంటే 127 మి.మీ. ప్రపంచ పూల్ సంఘం కొలత ప్రకారం అది 4.5 నుంచి 4.625 అంగుళాల మధ్య ఉండాలి. పూల్ బంతి వ్యాసం 57.15 మి.మీ. కాబట్టి 4.5 అంగుళాల నోరంటే సరిగ్గా రెండు బంతుల వెడల్పు. టేపు అక్కర్లేదు, రెండు బంతులు పక్కపక్కన నోట్లో పెట్టి చూడండి. రెండూ రెండు వైపులా తగిలీ తగలనట్టు కూర్చుంటే కొలత సరిపోయినట్టు. మధ్యలో వేలు దూరుతోందంటే అది ఇంటివాడకం కోసం వదులుగా పెట్టిన నోరు.

మేం నాలుగు మూలలూ తగ్గించలేదు. ర్యాక్ (ఆట మొదట్లో త్రికోణంగా పేర్చే బంతుల గుంపు) పెట్టే వైపు రెండు మూలలే 114 మి.మీ.కి తెచ్చాం. బ్రేక్ కొట్టే వైపు రెండూ 127 మి.మీ. దగ్గరే వదిలేశాం. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే. టేబుల్‌కి మీరు ఒక్క మార్పే చేయించేటట్టైతే ఇదే చేయించండి.

ఎందుకంటే, బ్రేక్ అయ్యాక ఎక్కువ బంతులు ర్యాక్ వైపే ఉండిపోతాయి. వాటికి దగ్గరి పాకెట్లు ఇరుకువి, వెడల్పువి దూరంలో ఉంటాయి. ప్రతి షాట్‌కీ ఆలోచించాల్సి వస్తుంది: పక్కనే ఉన్న ఇరుకు మూలకి మెల్లగా తోయాలా, టేబుల్ అంతా దాటించి వెడల్పు మూలకి కొట్టాలా? దగ్గర కొడితే వైట్ (క్యూతో కొట్టే తెల్ల బంతి) కూడా అక్కడే ఉండిపోతుంది, తర్వాతి బంతికీ మళ్ళీ ఇరుకే. దూరం కొడితే పడే అవకాశం ఉంది గానీ వైట్‌ని వెనక్కి తెచ్చుకోవాలి. మామూలు టేబుల్ మీద ఈ ప్రశ్నే రాదు, దగ్గరగా ఉన్నదాంట్లో వేసేస్తారు. దీనికి ఒకే ఒక్క నియమం కలిపాం: రంగు బంతులు ఎక్కడైనా వేసుకోవచ్చు, చివర్లో వేయాల్సిన బ్లాక్ మాత్రం ఇరుకు మూలల్లోనే పడాలి. తన ఏడు బంతులూ ఊడ్చేసినవాడు కూడా చివర్లో ఆగి ఊపిరి పీల్చుకోవాల్సిందే.

అంకెల్లో చూస్తే నోరు తగ్గింది పదో వంతే. కానీ 127లోంచి బంతిని తీసేస్తే మిగిలే సందు 70 మి.మీ., 114లోంచి తీసేస్తే 57. తప్పుకి ఉన్న చోటు దాదాపు అయిదో వంతు పోయింది. కుషన్‌ని (టేబుల్ అంచు రబ్బరుని) రాసుకుంటూ వెళ్ళే బంతి దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. వెడల్పు మూలలో గట్టిగా కొట్టినా పడుతుంది, ఇరుకు మూలలో అదే బంతి రెండు దవడల (పాకెట్ నోటి అంచుల) మధ్య టకటకమని కొట్టుకుని బయటికి వచ్చేస్తుంది. వేగం తగ్గించడం ఈ టేబుల్ నేర్పినంత బాగా ఏ కోచింగూ నేర్పదని మా అభిప్రాయం.

కొత్తవాళ్ళు ఆడేటప్పుడు ర్యాక్‌ని వెడల్పు మూలల వైపు పెడతాం. అంతే, అదే టేబుల్ పిల్లలకి కూడా సరిపోతుంది. నాలుగు మూలలూ ఇరుకు చేసి ఉంటే ఈ వెసులుబాటు ఉండేది కాదు, పిల్లలు వారంలో క్యారమ్స్ బోర్డు దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు.

ఇప్పుడు చేయించే పద్ధతి, అందులో జరిగిన తప్పు. పాకెట్ నోటి రెండు వైపులా కుషన్ చివర 3 మి.మీ. మందం గట్టి రబ్బరు పట్టీ ఉంటుంది. నోరు తగ్గించడానికి తేలిక దారి, ఆ పట్టీ మీద ఇంకో రెండు పట్టీలు అతికించడం. చాలామంది ఫిట్టర్లు చేసేదీ అదే. మేం కూడా మొదట అలాగే చేయించాం. కొలత సరిగ్గా వచ్చింది, ఆట చెడింది. 9 మి.మీ. రబ్బరు దొంతర దిండులా పనిచేసి, నోట్లోకి పోయిన బంతిని కూడా బయటికి తన్నేది. మంచి షాట్‌కి శిక్ష పడే టేబుల్ మీద ఎవరికీ ఆడబుద్ధి కాదు. నిబంధనల్లో కూడా ఈ పట్టీ మందం పావు అంగుళం దాటకూడదని ఉంది.

సరైన పద్ధతి రైలు (కుషన్ రబ్బరుని మోసే అంచు చెక్క) చివరనే పొడిగించడం. రైలు ఊడదీసి, కుషన్ రబ్బరు పీకి, చెక్క చివర అదే కోణంలో 9 మి.మీ. టేకు ముక్క అతికించాలి. మూల దగ్గర రెండు రైళ్ళు లంబంగా కలుస్తాయి, నోటిని ఐమూలగా కొలుస్తాం. అందువల్ల ఒక్కో రైలు 9 మి.మీ. పెరిగితే నోరు 18 తగ్గదు, 12.7 తగ్గుతుంది. 127 నుంచి 114.3కి అలా వస్తుంది. ఈ లెక్క వడ్రంగికి ముందే కాగితం మీద గీసి ఇవ్వండి, లేకపోతే సగానికి సగం అనుకుని 6 మి.మీ. ముక్క పెట్టేస్తాడు. కోణం 142 డిగ్రీలు మారకూడదు. తర్వాత కొత్త రబ్బరు పొడుగ్గా కోసి అతికించి, చివర ఒక్క 3 మి.మీ. పట్టీ మాత్రమే వేయాలి. పూల్ టేబుల్‌కి కావలసింది కె-66 అనే ఆకారం రబ్బరు. స్నూకర్ రబ్బరు ఆకారం వేరు, షాపులో అదీ ఇదీ ఒకటేనంటే నమ్మొద్దు. అతికించడానికి ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి కాంటాక్ట్ గమ్ము రెండు వైపులా పూసి, చేతికి అంటుకోనంతగా ఆరాకే కలపాలి. తడిగా ఉన్నప్పుడు నొక్కితే నెల తిరక్కుండా చివర్లు లేస్తాయి.

కుషన్ ముక్కు స్లేట్ నుంచి 36 మి.మీ. పైన, అంటే బంతి ఎత్తులో 63.5 శాతం దగ్గర ఉండాలి. రబ్బరు కొత్తగా వేసిన ప్రతిసారీ ఇది కొలిచి చూడాల్సిందే. ఇంకో మాట. పొడిగించాల్సినవి మూడు రైళ్ళే అయినా రబ్బరు ఆరింటికీ మార్పించండి. మూడింటికే మార్పిస్తే కొత్త కుషన్ ఒకలా, పాతది ఇంకోలా తిప్పి కొడుతుంది, బ్యాంక్ షాట్ (బంతిని కుషన్‌కి తగిలించి పాకెట్‌లో వేయడం) లెక్కలన్నీ తప్పుతాయి. ఖర్చులో పెద్ద భాగం ఈ రబ్బరూ రైళ్ళ క్లాతూనే, వడ్రంగి కూలి కాదు.

మధ్య పాకెట్ల బిరడాలు చెప్పుకోవడానికి చిన్నవే గానీ, చేయించడానికి ఓపిక కావాలి. మధ్య పాకెట్ నోరు ముందు వెడల్పు, లోపలికి పోనుపోను సన్నం. దానికి తగ్గట్టు టేకు దిమ్మ చెక్కించి, ముందు భాగానికి అదే కె-66 రబ్బరు, అదే క్లాత్ వేయించాం. దిమ్మ వెనక నుంచి ఎమ్8 బోల్ట్ పాకెట్ కంతలోంచి బయటికి వచ్చి, ఇనుప పట్టీ మీద నట్‌తో బిగుస్తుంది. బిగించేకొద్దీ దిమ్మ సీసాకి బిరడాలా లోపలికి దిగి కూర్చుంటుంది. మొదట సీతాకోకచిలుక నట్ (చేత్తో తిప్పే రెక్కల నట్) పెట్టాం. బ్రేకుల అదురుకి అది వదులయ్యేది, వదులైన చోట బంతి చచ్చినట్టు ఆగిపోయేది. ఇప్పుడు నైలాక్ నట్ (లోపల నైలాన్ రింగుతో, అదురుకి వదులు కానిది), స్పానర్‌తో బిగించాలి, రెండు వైపులా కలిపి అయిదు నిమిషాలు పడుతుంది.

బిరడా సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి ఒక బంతిని పొడుగు రైలుకి ఆనించి మెల్లగా దొర్లించండి. అతుకు దాటేటప్పుడు టక్ మన్న చప్పుడు రాకూడదు. బిరడా ముక్కు ఒక్క మి.మీ. ముందుకు ఉన్నా బంతి టేబుల్ మధ్యలోకి తప్పుకుంటుంది, వెనక్కి ఉంటే అవతలి అంచుకి తగిలి ఎగురుతుంది. క్లాత్ మందం కూడా లెక్కలో పెట్టుకుని దిమ్మని రెండు వైపులా మి.మీ. చొప్పున తక్కువ చెక్కించాలి. ఇలా మూసిన టేబుల్ మీద బ్యాంక్ షాట్లు, వైట్‌ని మూడు కుషన్లు తిప్పి తెచ్చుకోవడం మహా బాగుంటాయి. కానీ కొత్తవాళ్ళకి మధ్య పాకెట్లే ఆసరా, రోజూ మూస్తే వాళ్ళు రారు. అందుకే బుధవారం, ఆదివారం మాత్రమే.

పోస్టులు బంపర్ పూల్ చూసి వచ్చిన ఆలోచన. ఆ ఆటలో టేబుల్ మధ్యలో రబ్బరు దిమ్మెలు బిగించి ఉంటాయి. మా టేబుల్‌కి స్లేట్‌లో కంతలు వేయించే ధైర్యం చేయలేదు. డైమండ్ బిట్‌తో వేయొచ్చు గానీ, స్లేట్ పొరలు పొరలుగా ఉండే రాయి, అంచు పెళ్ళగిల్లితే టేబుల్ పోయినట్టే. అందుకని ఊరికే నిలబెట్టే బరువైన పోస్టులు. బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యలో లేత్ మీద ఉక్కుతో తిప్పించాం: 100 మి.మీ. వ్యాసం, 55 మి.మీ. ఎత్తు, ఒక్కోటి సుమారు 3.4 కిలోలు. ఎత్తు బంతి కన్నా తక్కువ కాబట్టి క్యూకి అడ్డం రాదు. గట్టి షాట్ సూటిగా తగిలితే పోస్టు ఒక సెంటీమీటరు లోపే జరుగుతుంది. బరువు సగం చేస్తే అది మూడు నాలుగు రెట్లు జరుగుతుంది, అప్పుడు ఆట ఆపి సర్దుకుంటూ ఉండాలి.

బంతి ఉక్కుకి తగలకుండా పోస్టు చుట్టూ రబ్బరు రింగు ఉంటుంది. దాని ఎత్తు దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు, మేమూ వేశాం. బంతి నడుము 28.6 మి.మీ. ఎత్తులో ఉంటుంది కదా అని రింగు అక్కడే పెట్టించాం. టాప్ (ముందుకి తిరుగుడు) ఇచ్చిన బంతి దానికి తగలగానే పైకి ఎగబాకేది. కుషన్ ముక్కు నడుముకి పైన ఎందుకుంటుందో అప్పుడు కళ్ళారా చూశాం: పైనుంచి తగిలితేనే బంతి కిందికి అణిగి ఉంటుంది. ఇప్పుడు రింగు 36 మి.మీ. దగ్గర ఉంది. 10 మి.మీ. మందం ఓ-రింగు, గాడి లోతు 6, బయటికి 4. ఆ 4 మి.మీ.లూ కావాలి, ఎందుకంటే రింగు తగిలేసరికి బంతి నడుము ఒక మి.మీ. ముందుకు వచ్చి ఉంటుంది, రబ్బరు నొక్కుకుపోవడానికి ఇంకాస్త కావాలి. రెండే వదిలితే గట్టి షాట్‌కి బంతి ఉక్కుకి తగిలి పెచ్చు లేస్తుంది. ఒక 11 నంబరు బంతి అలాగే పోయింది.

పోస్టులు ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. ఈ టేబుల్‌లో రైలు గుర్తుల మధ్య దూరం 11 అంగుళాలు. మొదట నాలుగు పోస్టులు, అందులో రెండు ర్యాక్‌కి అటూ ఇటూ పెట్టాం. బ్రేక్‌లో విడిన బంతులు వాటికి తగిలి మళ్ళీ గుంపుగా చేరేవి, ఆట ముందుకు కదిలేది కాదు, గెలుపు అదృష్టం మీద పడింది. ఆ రెండూ తీసేశాం. ఇప్పుడు రెండే, టేబుల్ సరిగ్గా సగం దగ్గర, ఒక్కో పొడుగు రైలుకి 11 అంగుళాల దూరంలో. పోస్టుకీ రైలుకీ మధ్య 9 అంగుళాల సందు, అంటే నాలుగు బంతుల వెడల్పు. రెండు పోస్టుల మధ్య 18 అంగుళాలు, బ్రేక్‌కి దారి తెరిచే ఉంటుంది. మూల నుంచి మూలకి ఐమూల గీత కూడా ఖాళీయే. దూరపు వెడల్పు మూలకి కొట్టేటప్పుడే అడ్డం వస్తాయి, మాకు కావలసింది కూడా అదే. మధ్య పాకెట్లకి ఎదురుగా ఉంటాయి కాబట్టి బిరడాలు వేసిన రోజునే పెడతాం.

మామూలు ఇనుముతో చేయిస్తే వానాకాలంలో తుప్పు పట్టి క్లాత్ మీద పసుపు మరక దిగుతుంది, ఆ మరక పోదు. స్టెయిన్‌లెస్ వాడండి, అడుగున పాత క్లాత్ ముక్క అతికించండి. ఆట అయిపోగానే తీసి పక్కన పెట్టాలి, రాత్రంతా ఉంచితే గుండ్రటి అచ్చు పడుతుంది. పోస్టుని వారానికోసారి పావు వంతు తిప్పండి, లేకపోతే రింగు ఒకే పక్క అణిగి చదునవుతుంది.

బెంగళూరు వానలకి టేబుల్ మీద బంతి వేగం ఎటూ తగ్గుతుంది, బ్యాంక్ కోణాలూ మారతాయి. క్యారమ్ బిలియర్డ్స్ టేబుళ్ళ స్లేట్‌ని వేడిగా ఉంచేది ఈ తేమ కోసమే. మా దగ్గర ఆ ఏర్పాటు లేదు. రాత్రి మందపాటి కవరు కప్పడం, మధ్యాహ్నం కిటికీలు తెరవడం, అంతే.

టేబుల్ ఆకారమే మార్చొచ్చు కదా అని అడిగేవాళ్ళున్నారు. దీర్ఘవృత్తం (కోలగా ఉండే వృత్తం) ఆకారం టేబుల్ అమెరికాలో 1960ల్లోనే వచ్చింది, ఎలిప్టిపూల్ పేరుతో. దీర్ఘవృత్తం లోపల నాభులనే రెండు ప్రత్యేక బిందువులుంటాయి, అందులో ఒక నాభి దగ్గర పాకెట్. రెండో నాభి మీదుగా ఏ దిక్కుకి కొట్టినా బంతి కుషన్‌కి తగిలి పాకెట్‌కే చేరాలి. చూడ్డానికి అద్భుతం. కానీ బంతికి కొంచెం సైడ్ (పక్కకి తిరుగుడు) తగిలినా ఆ లెక్క తప్పుతుంది, వంపు తిరిగిన రైలుకి రబ్బరూ క్లాతూ వేయగల ఫిట్టర్‌ని వెతుక్కోవాలి, పైగా ఆ టేబుల్ మీద ఇంకే ఆటా ఆడలేరు. ఉన్న టేబుల్‌ని వదులుకుని దానికి పోవడం దండగ.

స్నూకర్ నుంచి వచ్చినవాళ్ళ ఫిర్యాదు ఒకటి న్యాయమైనది. స్నూకర్ పాకెట్ దవడలు గుండ్రంగా ఉంటాయి, ఇరుకు కావాలంటే అలా చేయించాల్సిందన్నారు. చైనా ఎయిట్-బాల్ టేబుళ్ళు అలాంటివే: 57 మి.మీ. బంతులు, స్నూకర్ దవడలు. అది మంచి ఆట, కాకపోతే రైళ్ళన్నీ కొత్తవి కావాలి. టోర్నమెంట్‌కి సాధన చేసేవాళ్ళు మాత్రం ఈ టేబుల్ మీద ఆధారపడొద్దు, నాలుగు మూలలూ ఒకే కొలత ఉన్నదాని మీదే ఆడండి.

చేయించాలనుకుంటే క్లాత్ మార్చే సమయం దాకా ఆగండి. పాత రైలు క్లాత్‌ని ఊడదీసి మళ్ళీ లాగి కొడితే నోటి దగ్గర ముడతలు తప్పవు, ఆ ముడత మీద బంతి వంకర పోతుంది. కొత్త క్లాత్ తెప్పించేటప్పుడు ఒక్కో రైలు ముక్కకి రెండు చివరలా 50 మి.మీ. చొప్పున ఎక్కువ ఉంచమని చెప్పండి, బిరడాలకి రెండు చిన్న ముక్కలు అదే తానులోంచి కోయించుకోండి. వేరే తానులో రంగు కలిసినా జారుడు కలవదు.