50 మి.మీ. రాచెట్ బెల్టు: లేబులు మీది 5 టన్నులు బండెక్కాక ఎంత?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ సామాన్ల కొట్టుకెళ్ళి ‘లోడు కట్టే బెల్టు’ అంటే చేతిలో పెట్టేది దాదాపు ఒకటే సరుకు. 50 మి.మీ. వెడల్పు పాలిస్టర్ పట్టీ, 10 మీటర్ల పొడవు, రెండు కొసలకూ డబుల్ జె హుక్కులు, అర మీటరు పొట్టి ముక్కకు కుట్టిన రాచెట్ (హ్యాండిల్ కొడుతూ పట్టీని బిగించే పళ్ళ చక్రాల బిగింపు), ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ‘5 టన్’. ఆన్‌లైన్‌లో దొరికేదీ ఇదే. ఫలానా కంపెనీ అని కాకుండా ఈ రకం బెల్టునే ఇక్కడ తూచి చూస్తున్నాం. యంత్రాలు, ప్యాలెట్లు, చెక్కపెట్టెలు, పైపుల కట్టలు మోసే బండికి ఇది తాడు కన్నా చాలా మేలు. కాని ఆ 5 టన్నుల అంకెను చూసి ‘నాలుగు టన్నుల మిషనుకు ఒక్కటి చాలు’ అనుకుంటే మాత్రం బండి మొదటిసారి గట్టిగా బ్రేకు కొట్టినప్పుడే తేలిపోతుంది.

ముందు ఆ 5 ఎక్కడిదో చూద్దాం. యూరప్ ప్రమాణం ఈఎన్ 12195-2 ప్రకారం తయారైన ఇలాంటి బెల్టుకు కుట్టి ఉండే లేబులు మీద ‘ఎల్‌సి 2500’ అని ఉంటుంది. అంటే బెల్టును తిన్నగా లాగినప్పుడు అది భరించాల్సిన బరువు 2,500 డెకాన్యూటన్లు. డెకాన్యూటను అంటే కిలో బరువు కన్నా పిసరు ఎక్కువ, కిలో అనుకున్నా నష్టం లేదు. సరుకు చుట్టూ తిప్పి రెండు వరసలుగా కడితే ఇదే 5,000 అవుతుంది. కొందరు ఈ 5,000ను తీసి ప్యాకెట్ మీద వేస్తారు. ఇంకొందరు తెగే బలాన్ని వేస్తారు, అదీ 5,000 చుట్టుపక్కలే ఉంటుంది. అమెరికా లెక్కలో తెగే బలంలో మూడో వంతునే పని బరువుగా రాస్తారు కాబట్టి 10,000 పౌన్లకు తెగే రెండంగుళాల బెల్టు మీద అక్కడ 3,333 పౌన్లనే ఉంటుంది, అంటే 1,500 కిలోలు. దాదాపు అదే పట్టీకి మూడు లెక్కల్లో మూడు అంకెలు. అందుకే ప్యాకెట్ మీది అంకెను వదిలేసి బెల్టుకు కుట్టిన లేబులునే చదవాలి.

లేబులు మీద అసలు చదవాల్సింది ఇంకోటి ఉంది: ‘ఎస్‌టిఎఫ్’. చేత్తో 50 కిలోల బలం పెట్టి రాచెట్ హ్యాండిల్ లాగి వదిలాక బెల్టులో నిలిచే బిగువు ఇది. మామూలు పొట్టి హ్యాండిల్ రాచెట్లకు సాధారణంగా 350 దగ్గర ఉంటుంది. సరుకు మీదుగా అటునుంచి ఇటు వేసి బిగించే కట్టులో, మన దగ్గర నూటికి తొంభై కట్లు ఇవే, పని చేసేది ఈ 350 మాత్రమే. 2,500కు ఇక్కడ పనే లేదు. బెల్టు సరుకును వెనక్కి లాగి పట్టుకోదు, నేలకేసి అదుముతుంది. ఆ అదుముడు వల్ల పెరిగిన రాపిడే సరుకును ఆపుతుంది.

లెక్క వేసి చూడండి. బాలానగర్ షెడ్డుకు వెళ్ళే 4 టన్నుల లేత్ మిషను, కింద చెక్క దిమ్మలు, బండి నేల ఇనప రేకు అనుకుందాం. గట్టి బ్రేకులో సరుకు తన బరువులో 0.8 వంతుతో ముందుకు తోసుకొస్తుందని లెక్క కడతారు. అంటే 3,200 కిలోలు. చెక్కకూ రేకుకూ మధ్య రాపిడి పట్టు 0.3 అనుకుంటే మిషను సొంత బరువే 1,200 కిలోలు ఆపుతుంది. మిగిలిన 2,000 కిలోలు బెల్టులు ఆపాలి. ఒక్కో బెల్టు రెండు పక్కలా 350 చొప్పున 700 కిలోలతో అదుముతుంది, దానిలో 0.3 వంతు 210 కిలోలు. పదికి కొంచెం తక్కువ బెల్టులు వస్తాయి. ముందువైపు లెక్కకు 25 శాతం కలపాలన్నది ప్రమాణం, కలిపితే పన్నెండు. నాలుగు టన్నులకు పన్నెండు ‘5 టన్’ బెల్టులు!

ఇప్పుడు అదే మిషను కింద రబ్బరు మ్యాట్లు వేయండి. రాపిడి పట్టు 0.6 అవుతుంది. సొంత బరువే 2,400 ఆపుతుంది, మిగిలేది 800. ఒక్కో బెల్టు వల్ల 420. కలపాల్సింది కలిపితే మూడు బెల్టులతో అయిపోతుంది. ఈ బెల్టు గురించి ఎవరైనా అడిగితే ముందు చెప్పే మాట ఇదే: నాలుగో బెల్టు కొనే డబ్బుతో మ్యాట్లు కొనండి. అయితే మ్యాటు పని చేయాలంటే సరుకు పూర్తిగా దాని మీదే కూర్చోవాలి. ఒక మూల దిమ్మ నేరుగా రేకుకు ఆనితే అక్కడ పాత 0.3యే. నేల మీద ఇసుక, నూనె, బియ్యం గింజలు ఉంటే మ్యాటు వేసినా జారుతుంది, ముందు చీపురు పట్టాలి. పాత ట్యూబు ముక్కలు వేయడం మన దగ్గర మామూలే. గరుకుగా, పొడిగా ఉంటే ఏమీ లేనిదానికన్నా నయం, కాని దాని మీద 0.6 లెక్క కట్టకూడదు.

మ్యాట్లు దొరకనిచోట ఇంకో దారి, సరుకును క్యాబిన్ వెనక ముందు గోడకు ఆనించి పెట్టడం. ఖాళీ ఉంటే దిమ్మలతో నింపాలి. ముందుకు పోయే బలం గోడ తీసుకుంటుంది కాబట్టి బెల్టులకు పక్కలకు, వెనక్కు జారకుండా చూసే పనే మిగులుతుంది. ఆ వైపులకు 0.5 వంతు చాలు. పై మిషనుకే మ్యాటు లేకుండా ఐదు బెల్టులు సరిపోతాయి. అయితే ఆ గోడ నిజంగా గోడ అయ్యుండాలి, చిల్లులు పడ్డ రేకు కాదు. ఇంకో సంగతి: సరుకు బరువంతా ముందుకు చేరితే ముందు ఇరుసు మీద భారం పెరుగుతుంది, దాని హద్దు ఎంతో చూసుకునే ఆనించాలి.

బెల్టు నేలతో చేసే కోణాన్ని చాలామంది పట్టించుకోరు. నిటారుగా దిగితేనే పై లెక్క. సరుకు పొట్టిగా, బండి వెడల్పుగా ఉండి బెల్టు 30 డిగ్రీల ఏటవాలులో దిగితే అదుముడు సగానికి పడిపోతుంది. పొట్టి సరుకుకు మీదుగా వేయడం దండగ. అలాంటిదానికి లిఫ్టింగ్ కళ్ళు (ఎత్తడానికి బిగించిన రింగులు) ఉంటే నాలుగు మూలల నుంచి నాలుగు బెల్టులు ఏటవాలుగా, ఎదురెదురుగా లాగి కట్టాలి. లేబులు మీది 2,500 పనికొచ్చేది ఈ కట్టులోనే. ఇక్కడ రాచెట్‌ను విరగబిగించక్కర్లేదు, సడలు తీస్తే చాలు.

ఇక రాచెట్ సంగతి. ఈ ధరలో దొరికే వాటిలో తేడా అంతా ఇక్కడే కనిపిస్తుంది. కొట్లోనే హ్యాండిల్ తెరిచి మూసి చూడండి. రెండు పక్కల పళ్ళ చక్రాలలోకీ లాకు పట్టీ ఒకేసారి దిగాలి. ఒక పక్క ముందు, ఇంకో పక్క తర్వాత పడుతుంటే బరువంతా ఒక వైపు పళ్ళ మీదే పడుతుంది. అది ఏదో ఒకరోజు పళ్ళు మింగేస్తుంది. స్ప్రింగు మెత్తగా ఉంటే గతుకుల రోడ్డు మీద లాకు ఎగిరే ప్రమాదం. లేబులు నీలం రంగులో ఉంటే పాలిస్టర్, ఆకుపచ్చ నైలాన్, గోధుమ రంగు పాలీప్రొపిలీన్. నీలం మీద ఎల్‌సి, ఎస్‌టిఎఫ్, తయారైన ఏడాది, ‘ఎత్తడానికి వాడకూడదు’ అన్న మాట ఉండాలి. ఎస్‌టిఎఫ్ రాయని బెల్టు ఎంత మందంగా ఉన్నా పక్కన పెట్టేయండి, దానితో లెక్క కట్టడానికి అంకె లేదు.

బిగించేటప్పుడు పట్టీని రాచెట్ ఇరుసు (మధ్యలో తిరిగే కడ్డీ) సందులో దూర్చి, ముందు చేత్తోనే సడలంతా లాగేయాలి. ఆ తర్వాత రాచెట్ కొట్టాలి. ఇరుసు మీద కనీసం ఒకటిన్నర చుట్టు పడాలి, మూడు దాటకూడదు. ఒకటిన్నర కన్నా తక్కువైతే పట్టీ జారిపోతుంది. మూడు దాటితే చుట్ట లావెక్కి చట్రానికి రాసుకుంటుంది, బిగువు పెరగదు, విప్పేటప్పుడు సుత్తి తెచ్చుకోవాలి. సడలు తీయకుండా కొట్టడం మొదలుపెట్టడమే దీనికి కారణం, రాచెట్‌ది తప్పు కాదు. హ్యాండిల్‌కు పైపు తొడిగి లాగడం మాత్రం ఎవరు చేసినా తప్పే. ఇరుసు వంగుతుంది, లోపల పళ్ళు చిట్లుతాయి, బయటికి ఏమీ కనపడదు. ఎక్కువ బిగువు కావాలంటే కిందికి లాగే పొడుగు హ్యాండిల్ రాచెట్లున్నాయి, ఎస్‌టిఎఫ్ 500 వాటివి. పై మిషనుకు మ్యాటు లేకుండా పన్నెండు బదులు తొమ్మిది సరిపోతాయి. ధర ఎక్కువైనా రోజూ లోడు కట్టే బండికి అవే లాభం.

రాచెట్ ఉన్న పక్క బిగువు ఎక్కువ, అవతలి పక్క తక్కువ. మూలల దగ్గర రాపిడికి కొంత ఆగిపోతుంది. అందుకే రాచెట్లన్నీ డ్రైవరు వైపే పెట్టకుండా ఒకటి కుడి, ఒకటి ఎడమ మార్చి మార్చి పెట్టాలి. మూలల్లో ప్లాస్టిక్ కార్నర్ ముక్కలు వేస్తే పట్టీ కోసుకుపోదు, బిగువూ రెండు వైపులకూ సర్దుకుంటుంది. అట్టముక్క, గోనెపట్టా మడత పెడితే కోత కొంత ఆగుతుంది గాని బిగువు సర్దుకోదు. ముడి వేసిన పట్టీ బలం దాదాపు సగం పోయినట్టే. పొడుగెక్కువైందని ముడేసి, దాని మీద రాచెట్ బిగించడం ఊళ్ళో అడుగడుగునా కనిపిస్తుంది.

బండి కదిలాక సరుకు సర్దుకుంటుంది, పట్టీ సాగుతుంది. పాలిస్టర్ తక్కువ సాగుతుంది, ప్రమాణం ఎల్‌సి దగ్గర 7 శాతం దాటనివ్వదు. అయినా కొన్ని కిలోమీటర్లకే మొదటి బిగువు ఉండదు. అమెరికాలో మొదటి 50 మైళ్ళ లోపు ఆగి చూసుకోవాలని నిబంధనే ఉంది. మన రోడ్లకు అంత దూరం కూడా ఎక్కువ. ఊరు దాటగానే మొదటి టోల్ గేటు దగ్గర ఒకసారి, టీకి ఆగిన ప్రతిసారీ ఒకసారి దిగి చేత్తో పట్టీ తట్టి చూడాలి. విప్పేటప్పుడు ఎదురుగా నిలబడొద్దు. హ్యాండిల్ పూర్తిగా వెనక్కి వాల్చగానే ఉన్న బిగువంతా ఒక్కసారిగా వదిలేస్తుంది. దారిలో ఒరిగిన సరుకు అప్పుడే మీద పడుతుంది.

ఈ బెల్టుకు మన లారీలతో అసలు పేచీ హుక్కుల దగ్గర. తాడు కోసం బాడీ పక్కన వెల్డు చేసిన సన్నకడ్డీ హుక్కులకు జె హుక్కు మొనే తగులుకుంటుంది, లోపలి వంపు వరకు దిగదు. మొన మీద బరువు పడితే హుక్కు నోరు తెరుచుకుంటుంది. పైగా ఆ కడ్డీ ఎంత ఆపుతుందో దాన్ని వెల్డు చేసినవాడికీ తెలియదు. పెద్ద బండ్లకు ఒక్కో కట్టు రింగు 2,000 కిలోల లాగుడు తట్టుకోవాలన్నది యూరప్ లెక్క. బాడీ కట్టించేటప్పుడే అడ్డ చానెళ్ళకు రింగులు వెల్డు చేయించుకోవడం మంచిది. లేకపోతే చాసిస్ చానెల్‌కు తగిలించాలి, పక్క డోర్లకు మాత్రం ఎప్పుడూ వద్దు.

ఏ లోడుకు వద్దో కూడా చెప్పాలి. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలకు, బియ్యం బస్తాలకు ఈ బెల్టు దండగ. మెత్తటి సరుకులోకి పట్టీ దిగబడుతుంది, పది కిలోమీటర్లకే వదులు. అక్కడ పట్టా కప్పి అడ్డంగా నిలువుగా వల అల్లినట్టు వేసే తాడే సరైనది, హమాలీల చేతిపని దాని ముందు రాచెట్ ఎందుకూ కొరగాదు. చీమకుర్తి గ్రానైటు బ్లాకు, రెండున్నర మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, 1.2 ఎత్తుంటేనే సుమారు 13 టన్నులు తూగుతుంది. దానికి గొలుసులు, నలువైపులా బండికి బిగించిన అడ్డు దిమ్మలే శరణ్యం. బ్లాకు అంచు పట్టీని కత్తిలా కోస్తుంది కూడా. విశాఖ ఉక్కు కడ్డీలకూ, వైర్ రాడ్ చుట్టలకూ అంతే, ఇనుము మీద ఇనుము జారుడు ఎక్కువ, వేడిగా ఉన్న చుట్ట అయితే 120 డిగ్రీలు దాటాక పాలిస్టర్ పనికిరాదు.

మన్నిక బాగానే ఉంటుంది, ఒక్క శత్రువుకు దూరంగా ఉంచితే: సిమెంటు. తడిసిన సిమెంటు క్షారం, పాలిస్టర్‌ను మెల్లగా తినేస్తుంది. తాండూరు, నల్లగొండ వైపు సిమెంటు తోలిన బండిలోనే మర్నాడు బెల్టులు వాడితే రాత్రికే మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేయాలి. పట్టీకి నూనె తగలనీయొద్దు, రాచెట్ ఇరుసుకు మాత్రం నెలకో చుక్క. అంచు వెడల్పులో పదో వంతు కోసుకుపోయినా, కుట్లు లేచినా, కాలిన మచ్చ గట్టిపడినా, లేబులు ఊడిపోయినా ఆ బెల్టుకు సెలవు. దాన్ని ముక్కలుగా కోసి పారేయండి, లేకపోతే ఎవరో ఒకరు ముడేసి మళ్ళీ బండెక్కిస్తారు.

ధర వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. యంత్రాలు మోసే ఆరు చక్రాల లారీకి పొడుగు హ్యాండిల్‌వి ఆరు, మామూలువి రెండు, పదహారు కార్నర్ ముక్కలు, 8 మి.మీ. మందం రబ్బరు మ్యాటు ముక్కలు ఒక చిన్న చుట్ట. బేరం ఆడదలుచుకుంటే బెల్టు దగ్గర ఆడండి, మ్యాటు దగ్గర వద్దు.