ఐదు కిలోల చొప్పున ఖాళీ అయిన బీరువాలు: జ్ఞాన్ పోస్ట్ వాడాక నా అభిప్రాయం

తపాలా శాఖ పుస్తకాల కోసం పెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో బెంగళూరు నుంచి చీరాలకు ఐదు కిలోల పుస్తకాల ప్యాకెట్ పంపితే పోస్టాఫీసులో 100 రూపాయలు, పైన పన్ను తీసుకున్నారు. ఆ రసీదు పట్టుకుని మెట్ల మీదే కాసేపు నిలబడిపోయాను. ఈ సంగతి ఇంకో ఆర్నెల్ల ముందు తెలిసుంటే మా ఇంట్లో ఎంత టెన్షన్ తగ్గేదో! రాష్ట్రం బయట ఉంటూ, ఇంట్లో తెలుగు పుస్తకాలు పేరుకుపోయి, ఎవరికివ్వాలో తెలియక మథనపడుతున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళకి ఉపయోగపడాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది మల్లేశ్వరంలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నా పుస్తకాలు, మావారి ఇంజనీరింగ్ పుస్తకాలు, పిల్లల ఎంట్రన్స్ గైడ్లు ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు నాన్న పోయాక చీరాల ఇల్లు ఖాళీ చేసినప్పుడు పద్నాలుగు అట్టపెట్టెలు వచ్చాయి. నాన్న ముందంతా విజయవాడ ఏలూరు రోడ్డులో కొనేవారు. 1989లో విజయవాడలో పుస్తక ప్రదర్శన మొదలయ్యాక ఏటా జనవరిలో ఒక చేతిసంచీ ఖాళీగా తీసుకెళ్ళి నింపుకొచ్చేవారు. ప్రతి పుస్తకం చివరి అట్ట లోపలివైపు ఆకుపచ్చ సిరాతో ఊరు, తేదీ, ధర రాసుకునేవారు. "విజయవాడ, 4-11-1978, రూ. 6" అని. ఆ రాత చూసినప్పుడల్లా పెట్టె మూత మళ్ళీ మూసేసేదాన్ని. ఏళ్ళు గడిచాయి.

పోయిన వానాకాలం అటక మీద గోడ చెమ్మ పట్టింది. రెండు పెట్టెల అడుగున పుస్తకాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. కలరా ఉండలు వేసినా లాభం లేకపోయింది, వెండి రంగు పురుగులు అట్టల మీద జిగురంతా గీకి తినేశాయి. దాచిపెట్టి చంపుకుంటున్నానని అప్పుడు ఏడుపొచ్చింది. లాంగ్ నోట్‌బుక్ తీసి అన్నీ రాసుకుంటూ పోతే 1,186 తేలాయి. రెండు బీరువాల్లో పట్టినన్నే ఉంచాలని మావారూ నేనూ అనుకున్నాం. అంటే 430.

ఇంగ్లీషు పుస్తకాల పని తేలికగానే అయింది. చర్చ్ స్ట్రీట్ ఈ విషయంలో బెంగళూరుకి దొరికిన వరం. పాత పుస్తకాలు కొని మళ్ళీ అమ్మే పెద్ద కొట్లు అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. సంపిగె రోడ్డు స్టేషన్‌లో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, ఎం.జి. రోడ్డులో దిగి, రెండేసి సంచుల చొప్పున నాలుగు శనివారాలు తిరిగాం. తెలుగువాటి దగ్గరే చిక్కొచ్చింది. ఒక కొట్టులో అట్ట కూడా తిప్పకుండా "తెలుగా మేడం, ఇక్కడ ఎవరూ అడగరు" అని సంచీ నా వైపు జరిపారు. ఆయన వ్యాపారం ఆయనది, తప్పు పట్టను. కానీ తిరిగి వచ్చేటప్పుడు ఆ సంచీ బరువు రెట్టింపైనట్టు అనిపించింది.

పాత పేపర్ల కొట్టుకీ వెళ్ళాను. కాలం చెల్లిన గైడ్లు, పాత టాక్స్ పుస్తకాలు, చెమ్మకి అంటుకుపోయినవి కలిపి 90 కిలోలు తూగాయి. కిలో 12 రూపాయల లెక్కన 1,080 ఇచ్చారు. అక్కడ నేను చూసింది చెప్పాలి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కుర్రాడు మోకాలి మీద తెరిచి, రెండు చేతులతో వెన్ను దగ్గర వెనక్కి విరిచాడు. చప్పుడుతో కుట్టు తెగింది. అట్టలు ఒక కుప్పలోకి, కాగితాలు ఇంకో కుప్పలోకి వెళ్ళాయి. అట్టకి వేరే రేటట. అవి ఎలాగూ ఎవరూ చదవలేని పుస్తకాలే గాని, ఆ చప్పుడు విన్నాక చదవదగ్గ పుస్తకం ఒక్కటి కూడా ఆ కొట్టుకి వెళ్ళకూడదని గట్టిగా అనుకున్నాను.

జ్ఞాన్ పోస్ట్ గురించి చెప్పింది మా కింది ఫ్లాటులో ఉండే అనంతపురం వదిన. పుస్తకాలు చవకగా పంపుకోవడానికి మనకి తెలిసిన పాత రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ని 2024 డిసెంబరులో తపాలా శాఖ ఆపేసింది. చిన్న ప్రచురణకర్తలు, పుస్తకాలు తెప్పించుకు చదివేవాళ్ళు చాలా బాధపడ్డారు. తర్వాత 2025 మే 1 నుంచి ఈ జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100 రూపాయలు. మధ్యలో బరువుని బట్టి పెరుగుతుంది, పన్ను అదనం. పుస్తకాలు విమానంలో వెళ్ళవు, రైలూ రోడ్డూ మీదే వెళతాయి. ఆ చవక అందుకే. ట్రాకింగ్ నంబర్ ఇస్తారు. డిపార్ట్‌మెంట్ పోస్టాఫీసులన్నిటిలో తీసుకుంటారు గాని, పల్లెల్లో ఉండే బ్రాంచి పోస్టాఫీసుల్లో బుక్ చేయడం కుదరదు.

నిబంధనలు కొన్ని ఉన్నాయి, తెలుసుకుని వెళితే కౌంటర్ దగ్గర ఇబ్బంది ఉండదు. అచ్చు పుస్తకాలే అయి ఉండాలి. ప్రతి పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో కనిపించాలి. వార, మాస పత్రికల్లాగా క్రమం తప్పకుండా వచ్చేవి, వ్యాపార ప్రకటనలున్నవి పనికిరావు. అందుకే మొదటి పేజీలు చిరిగిపోయిన పుస్తకాలని ముందే పక్కన పెట్టండి. నాన్న పెట్టెల్లో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు పాతిక దాకా ఉన్నాయి. వాటి మీద ప్రగతి ప్రచురణాలయం, రాదుగ అని ప్రచురణకర్త పేరు స్పష్టంగా ఉంది కాబట్టి బెంగ లేకపోయింది.

మొదటి ప్యాకెట్ కట్టడానికి నాకు ఒక పూట పట్టింది. నాన్న కట్టే పద్ధతే గుర్తు చేసుకున్నాను. పుస్తకాల వెన్నులన్నీ ఒకే వైపు వస్తే దొంతర అటువైపు ఎత్తవుతుంది, కొసలు వంగిపోతాయి. అందుకని ఒక వెన్ను ఎడమకి, ఇంకో వెన్ను కుడికి పెట్టుకుంటూ పేర్చాలి. పైనా కిందా పాత క్యాలెండర్ అట్ట, దాని మీద దళసరి పాలిథీన్, ఆ పైన బ్రౌన్ పేపర్, చివర పురికొసతో నిలువూ అడ్డమూ రెండు చుట్లు. పాలిథీన్ మాత్రం మానొద్దు. రోడ్డు మీద వెళ్ళే సరుకు, ఏ ఊళ్ళో వాన పడుతుందో చెప్పలేం. పైన పెద్ద అక్షరాలతో జ్ఞాన్ పోస్ట్ అని రాసి, అడ్రసు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాశాను. పిన్ కోడ్ కింద నా ఫోన్ నంబరు, వాళ్ళ ఫోన్ నంబరు.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి కన్నడంలో "బరీ పుస్తకానా మేడం?" అని అడిగింది. అన్నీ పుస్తకాలేనన్నాను. కాటా మీద పెడితే 5 కిలోల 120 గ్రాములు చూపించింది. ఇంట్లో కొక్కేనికి తగిలించి తూచే లగేజీ కాటాతో తూచాను గాని, అట్టా పురికొసా కూడా బరువేనన్నది లెక్కలోకి తీసుకోలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుని ముడి విప్పి, సన్నటి పుస్తకం ఒకటి తీసేసి మళ్ళీ కట్టాను. ఆ అమ్మాయి విసుక్కోకుండా టేపు తనే ఇచ్చింది. ఆ తర్వాత నుంచి పుస్తకాలు 4 కిలోల 700 దగ్గరే ఆపేస్తున్నాను. టేపు, కత్తెర, పురికొస ఉండ సంచీలో వేసుకునే వెళ్తున్నాను.

ఈ ఐదు కిలోల హద్దు నాకు చాలా మేలు చేసింది. పద్నాలుగు పెట్టెలు ఎదురుగా పెట్టుకుని ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి అని కూర్చుంటే నాన్న సిరా రాత అడ్డొచ్చేది. అదే ఒక ప్యాకెట్ కట్టాలంటే ముందు ఒక మనిషి కావాలి, ఒక అడ్రసు కావాలి. ఒంగోలులో ఉన్న మా పెద్దమ్మకి 78 ఏళ్ళు, అక్షరాలు పెద్దగా ఉండే నవలలు కావాలి. డీఎస్సీకి చదువుతున్న మా మేనకోడలికి తెలుగు వ్యాకరణం, సాహిత్య చరిత్ర కావాలి. అనంతపురం వదిన వాళ్ళ నాన్నగారికి వేమన మీద, తాళ్ళపాక కవుల మీద వచ్చిన పుస్తకాలు కావాలి. మనిషి గుర్తొచ్చాక చేయి దానంతటదే అరలోకి వెళ్ళింది. ఆ పుస్తకం వాళ్ళ ఇంట్లో ఏ కిటికీ పక్కన ఉంటుందో కూడా కనిపించేది.

ఎక్కువ ప్యాకెట్లు, పదకొండింటిలో ఆరు, వేటపాలెం దగ్గర మా బావగారు హెడ్మాస్టరుగా ఉన్న హైస్కూలుకి వెళ్ళాయి. కారణం ఉంది. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. నాన్న చిన్నప్పుడు సైకిలు మీద అక్కడికి వెళ్ళి పేపర్లు చదివేవారు. నాలుగు ముక్కలు నేర్చుకున్నానంటే ఆ బల్లల దగ్గరేనని ఎప్పుడూ అనేవారు. ఆ చుట్టుపక్కల పిల్లలకే ఆయన పుస్తకాలు చేరితే బాగుంటుందనిపించింది. అయితే ఎవరికైనా సరే ముందు ఫోన్ చేసి, జాబితా చదివి వినిపించి, కావాలన్నవే పంపాను. మా బావగారు జాబితాలో మూడో వంతు వద్దన్నారు. అడక్కుండా పంపితే మన అటక మీది భారం వాళ్ళ బీరువా మీద పడుతుంది అంతే.

మళ్ళీ దొరకదేమోనన్న భయం చాలామందిని ఆపుతుంది, నన్నూ ఆపింది. దానికి నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటి చెబుతాను. పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ అయ్యాయి. అవిప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ళ తర్వాత కాపీరైట్ తీరిపోతుంది కాబట్టి అంతకు ముందువాళ్ళ పుస్తకాలు దించుకోవడానికి అనుమానం అక్కర్లేదు. ప్యాకెట్‌లో పెట్టే ముందు పేరు కొట్టి చూసేదాన్ని. స్కాన్ దొరికితే పుస్తకం వెళ్ళిపోయేది. దొరకనివి పదిహేడు తేలాయి, అవి బీరువాలో పై అరలో ఉన్నాయి.

పొరపాటు ఒకటి జరిగింది, మీకు జరక్కూడదని చెబుతున్నాను. రెండు భాగాల నవల ఒకటి మొదటి భాగం పెద్దమ్మకి, రెండో భాగం స్కూలుకి వెళ్ళిపోయింది. పెట్టెల్లో విడివిడిగా ఉండటంతో నేను గమనించలేదు. వారం తిరక్కుండా పెద్దమ్మ ఫోన్. "అమ్మాయ్, ఆ పిల్ల మేడ మెట్లెక్కుతుంటే అయిపోయింది పుస్తకం. తర్వాతది ఏదే?" బావగారికి చెబితే ఆయన వెతికి తీసి అక్కడి నుంచి ఒంగోలుకి ఇదే పోస్టులో పంపారు. భాగాలున్న పుస్తకాలని ముందే ఒక దారంతో కట్టి పెట్టుకోండి.

ఇక అమ్మ బైండు పుస్తకాలు. వారపత్రికల్లో సీరియళ్ళు వచ్చే రోజుల్లో అమ్మ వారం వారం ఆ పేజీలు చింపి దాచి, సీరియల్ అయిపోయాక చీరాలలో బైండు చేయించేది. అటువంటివి ముప్పై ఒకటి ఉన్నాయి. కథ పక్కనే సబ్బు ప్రకటన, చీరల కొట్టు ప్రకటన ఉంటాయి. ప్రచురణకర్త పేరు ఎక్కడా ఉండదు. నిబంధన ప్రకారం ఇవి జ్ఞాన్ పోస్ట్‌లో వెళ్ళవు, నేను ప్రయత్నించనూ లేదు. ఇటువంటివి మామూలు పార్శిల్‌లో పంపాలి, లేదా ఊరెళ్ళేటప్పుడు మోసుకెళ్ళాలి. మన ఇళ్ళలో ఇలాంటి బైండ్లు బోలెడు ఉంటాయి. వీటికీ ఈ పోస్టులో చోటిస్తే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మొత్తం పదకొండు ప్యాకెట్లలో 198 పుస్తకాలు వెళ్ళాయి, ఖర్చు పన్ను కాక 1,100. పేపర్ల కొట్టులో వచ్చిన 1,080 దాదాపు దీనికే సరిపోయింది. ప్యాకెట్లు నాలుగు రోజుల నుంచి తొమ్మిది రోజుల్లో చేరాయి. అన్నీ చేరాయి. ఒక ప్యాకెట్‌లో మాత్రం రెండు పుస్తకాల మూలలు నలిగాయి, అది క్యాలెండర్ అట్ట పెట్టకుండా నేను కట్టిన ప్యాకెట్. పరీక్షకి రేపే పుస్తకం కావాలంటే ఈ దారి వద్దు. అలాంటి తొందర లేకపోతే, తెలుగు పుస్తకం తెలుగు చదివేవాళ్ళ చేతికి చేరడానికి బెంగళూరులో నాకు ఇంతకంటే మంచి దారి దొరకలేదు.

నిన్న బావగారు ఒక ఫొటో పంపారు. స్కూల్లో ఇనప బీరువా ముందు ఎనిమిదో తరగతి పిల్లాడు చివరి అట్ట తెరిచి పట్టుకుని ఉన్నాడు. ఆకుపచ్చ సిరా కనిపిస్తోంది. "ఆరు రూపాయలకే ఇంత లావు పుస్తకం వచ్చిందా సార్?" అని అడిగాడట.

బీరువాలో ఇంకా 430కి పైన పన్నెండు పుస్తకాలు ఎక్కువగానే ఉన్నాయి. నిన్న రాత్రే తూచి చూశాను, 3 కిలోల 900 ఉన్నాయి. ఇంకో 800 గ్రాములకి చోటుంది. రేపు మేనకోడలికి ఫోన్ చేసి అడగాలి.