నల్లగొండలో పత్యం వండిపెట్టే కర్రీ పాయింట్

నల్లగొండలో కర్రీ పాయింట్లకు కొదవ లేదు. పత్యం కూర అడిగితే విసుక్కోకుండా వండేది మాత్రం నాకు తెలిసి ఇదొక్కటే. రామగిరిలో ఒక సందులో, ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి నడుపుతున్నారు. బోర్డు లేదు. వండేది ఒక అక్క, డబ్బాలు సర్దేది వాళ్లాయన.

మా దోస్తుకు పొట్టలో క్యాన్సర్. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి జీర్ణాశయం మొత్తం తీసేశారు, అన్నవాహికను నేరుగా చిన్నపేగుకు కలిపారు. రోజుకు ఆరేడు సార్లు కొంచెం కొంచెంగా తినాలన్నారు. ఇంట్లో ఉండేది వాళ్లమ్మ ఒక్కతే. మోకాళ్ల నొప్పులతో అన్నిసార్లు పొయ్యి దగ్గర నిలబడడం ఆమె వల్ల కాదు. మొదట ఒక మెస్‌లో అడిగాను. కారం, నూనె తగ్గించామన్నారు, డబ్బా తీస్తే పైన నూనె తేలుతోంది.

ఈ అక్క అలా తలూపి ఊరుకోలేదు. "ఏమేం తినొద్దన్నరు తమ్మీ, దవాఖాన కాయితం ఉన్నదా?" అని అడిగి, ఫోన్లో ఉన్న డైట్ చార్ట్ మొత్తం నాతో చదివించుకుంది.

అదే పెద్ద విషయం. మన దగ్గర పేషెంట్ అంటే చారన్నం, జావ, గ్లూకోజ్ నీళ్లు. పొట్ట తీసేసిన మనిషికి ఆ లెక్క పనికిరాదు. తిన్నది కాసేపు ఆపి ఉంచే పొట్ట లేదు కాబట్టి పలుచనివి, తీపివి ఒక్కసారిగా పేగులోకి దిగిపోతాయి. అరగంట లోపే గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం, విరేచనాలు. డాక్టర్లు డంపింగ్ అంటారు. కొందరికి గంటా రెండు గంటల తర్వాత షుగర్ పడిపోతుంది కూడా. మన జిల్లా బత్తాయిలకు పేరు, చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టం సంచి నిండా అవే తెచ్చాడు. వాళ్ల మనసు నొప్పించకుండా జ్యూస్ వద్దని చెప్పడమే నాకు పెద్ద టెన్షన్ అయింది.

అక్క వంట మెత్తగా ఉంటుంది, పలుచగా ఉండదు. పెసరపప్పు కిచిడీ ముద్దగా దిగుతుంది. ఆనిగెపుకాయ, బీరకాయ చెక్కు తీసి, గింజలు తీసి మగ్గిస్తుంది. ఉడికించిన గుడ్డు చిదిమి పెడుతుంది. కొర్రమట్ట దొరికిన రోజు ముళ్లన్నీ ఏరి, పసుపు, ఉప్పు, జీలకర్రతో ఉడికిస్తుంది. మా వాడు వదలకుండా తిన్నది అదే. పూటకో చిన్న డబ్బా. చారు విడిగా కూడా కట్టదు, ఎందుకంటే నీళ్లయినా చారైనా తిండికి అరగంట ముందో వెనకో తాగాలని ఆ కాయితంలోనే ఉంది.

ఇంకొకటి. ఖాళీ డబ్బాలు ఇచ్చేటప్పుడు "ఏం మిగిల్చిండు?" అని ప్రతిసారీ అడుగుతుంది. క్యారెట్ రెండుసార్లు మిగిలిందంటే ఇక అది మానేసింది. పొట్ట పోయాక ఆకలి సరిగ్గా తెలియదు, ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. మా వాడు ఫోన్లో అలారం పెట్టుకుని తినేవాడు. అలాంటి మనిషిని "ఇంకొక ముద్ద తిను" అని బలవంతం చేయడం కంటే, ఏది గొంతు దిగిందో చూసి రేపు అదే వండడం ఎంతో మేలు. డాక్టరు సరే అన్నాక ఒకరోజు పచ్చిపులుసు కావాలన్నాడు. పులుపు తగ్గించి, ఉల్లిగడ్డ వేయకుండా, కిచిడీలో కలుపుకోవడానికి రెండు చెంచాలంత ఇచ్చింది. డబ్బా తుడిచి తిన్నాడు.

లోటు లేదని కాదు. సాయంత్రం వంటలో ఒక్కోసారి ఉప్పు ఎక్కువవుతుంది. ఫోన్ ఎత్తరు, ఇంటికి తెచ్చివ్వరు. ఆదివారం బంద్, ఆ రోజు వాళ్లమ్మో నేనో వండాల్సిందే. డబ్బా 40 రూపాయలు, చేపయితే ఎక్కువ. ఆ శ్రద్ధకు నాకైతే అది తక్కువే అనిపించింది.

ఎంత మంచిగా వండినా, పొట్ట లేదు కాబట్టి విటమిన్ బి12 మాత్రం ఇక తిండి నుంచి ఒంటికి సరిగ్గా పట్టదు. డాక్టరు రాసిన ఇంజెక్షన్లు జీవితాంతం తీసుకోవాల్సిందే. కొంచెం బాగా తింటున్నాడు కదా అని ఆపకండి.

వెళ్లేవాళ్లు ముందురోజు సాయంత్రమే చెప్పాలి. స్టీలు డబ్బాలు మీరే తీసుకెళ్లండి, వేడి తిండి ప్లాస్టిక్ కవర్లో పోయించుకోవద్దు. దవాఖాన వాళ్లిచ్చిన కాయితం వెంట ఉంచుకోండి, అది చూడకుండా అక్క వండదు.