పది రోజుల మౌనమా, ఎనిమిది వారాల సాధనా?

ధ్యాస పెట్టి తినడం, టెన్షన్ తగ్గించుకోవడం నేర్చుకోవాలంటే పేరున్న దారులు రెండున్నాయి. ఒకటి ధ్యాన గురువు గోయెంకా గారి పద్ధతిలో జరిగే పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం. రెండోది 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల ఎంబీఎస్ఆర్ కోర్సు, అంటే ధ్యాస నిలిపి ఒత్తిడి తగ్గించుకునే శిక్షణ (మైండ్‌ఫుల్‌నెస్ బేస్డ్ స్ట్రెస్ రిడక్షన్).

విపశ్యనకు ఇల్లు వదిలి వెళ్లాలి. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త కేంద్రం ఉంది. తెల్లవారుజామున 4కే గంట మోగుతుంది. మాటలుండవు, ఫోనుండదు. 6:30కి టిఫిన్, 11కి భోజనం, సాయంత్రం కొత్తవాళ్లకు టీ, పండు. అంతే, రాత్రి భోజనం లేదు. ఫీజూ లేదు, చివర్లో ఇవ్వాలనిపిస్తే విరాళం ఇవ్వొచ్చు.

ఎంబీఎస్ఆర్ ఇంట్లో ఉంటూనే సాగుతుంది. వారానికో క్లాసు, రోజూ ముప్పావు గంట దాకా అభ్యాసం. మొదట్లోనే చేతిలో ఒక్క కిస్‌మిస్ పెడతారు. దాని ముడతలు చూడాలి, వేళ్ల మధ్య నెమ్మదిగా నొక్కాలి, వాసన చూడాలి. నాలుక మీద పెట్టుకుని, ఊరే నీళ్లను గమనించాలి. అప్పుడే కొరకాలి. గుప్పెడు కిస్‌మిస్‌లు నోట్లో పోసుకునే మనకు ఒక్కదానిలో అంత తీపి ఉందని తెలియడం చాలా పెద్ద విషయం!

తిండి అలవాటు మారాలనుకుంటే నేను ఎంబీఎస్ఆర్ వైపే. టీవీ, ఆఫీసు కాల్స్, ఫ్రిజ్‌లో స్వీట్లు అన్నీ ఉండగానే సాధన చేయిస్తుంది కాబట్టి. మనసును లోతుగా చూడాలనుకుంటే మాత్రం శిబిరానికి సాటి లేదు. ఇన్సులిన్ వాడేవాళ్లు, మానసిక చికిత్సలో ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి, దరఖాస్తులోనూ ఆ సంగతి దాచకుండా రాయాలి.