ఇంటి బడికి గంటల పంచాంగం: పేగన్ కుటుంబాలకు ఎంతవరకు పనికొస్తుంది?

బెజవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల కొట్లలో దొరికే గంటల పంచాంగం, పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే పేగన్ కుటుంబాలు, అంటే ప్రకృతిని పూజిస్తూ రుతువుల మలుపుల్ని పండగలుగా జరుపుకునేవాళ్లు, తప్పక కొనదగ్గది. తిథి ఎన్ని గంటలకు ముగుస్తుందో ఉంటుంది కాబట్టి, రోజూ చంద్రుణ్ణి చూసి బొమ్మ గీయించే పాఠానికి వేరే పుస్తకం అక్కర్లేదు. అక్షరాలు మాత్రం మరీ చిన్నవి.

చిక్కంతా సూర్యుడి పండగలతోనే. ఇందులో ఉత్తరాయణం మకర సంక్రాంతికి, అంటే జనవరి 14-15కి మొదలవుతుంది. పేగన్ల చలికాలపు పండగ యూల్ జరుపుకునేది సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లే రోజున, అంటే డిసెంబరు 21-22న. పంచాంగం నక్షత్రాల్ని బట్టి లెక్క కడుతుంది. నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ మధ్య ఉన్న ఎడాన్ని అయనాంశ అంటారు. అది ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది, అంటే దాదాపు 24 రోజులు, తేడా అక్కడే. పిల్లలకు ఇది చూపించి చెప్పాలి. డాబా మీద మీటరు కర్ర నిలబెట్టి, తాపీమేస్త్రీ వాడే తూకంగుండుతో నిటారుగా ఉందో లేదో చూడండి. బెజవాడలో మధ్యాహ్నపు నీడ డిసెంబరు 21న సుమారు 84 సెంటీమీటర్లు, మార్చి 20న 30. జూన్ 21న 12, అదీ దక్షిణం వైపు పడుతుంది!

గడియారం పన్నెండు కొట్టగానే కొలిస్తే లెక్క తప్పుతుంది. ఇక్కడ అసలు మధ్యాహ్నం, అంటే సూర్యుడు బాగా పైకెక్కే వేళ, సగటున 12:08కి, ఫిబ్రవరిలో 12:20 దాటాక. 11:45 నుంచి 12:30 దాకా ఐదేసి నిమిషాలకు సుద్దతో గుర్తు పెట్టించి, అన్నిటికన్నా పొట్టి నీడనే తీసుకోండి. మే మొదటి వారంలో మధ్యాహ్నం నీడే ఉండని రోజు వస్తుంది. దాన్ని పంచాంగంలో పెన్సిలుతో మీరే రాసుకోవాలి.