నానో కాంపోజిట్ ఫిల్లింగ్: మూడేళ్లు నమిలాక

నేను పనిచేసేది రబ్బరు మిక్సింగ్ ల్యాబ్‌లో. మెడికల్ ట్యూబులకు వెళ్లే సిలికాన్ రబ్బరులో సిలికా పొడి కలపడం, అది సమంగా కలిసిందో లేదో చూడటం నా పని. సిలికా వెయ్యని సిలికాన్‌ని క్యూర్ చేశాక (గట్టిపరిచాక) కూడా గోటితో గిల్లితే తెగిపోతుంది. పొడి బాగా కలిస్తే అదే రబ్బరు లాగినా చిరగదు. అలాంటి పొడే, రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురులో కలిపిన నానో కాంపోజిట్ ఫిల్లింగ్‌గా, ఇప్పుడు నా కింది దవడ పంటిలో ఉంది.

నిజానికి ఆ పంటికి ఫిల్లింగ్ వేయించుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి వేరే చోట చేయించాను. ఎనిమిది నెలలకే అంచు వెంట గోధుమరంగు గీత పడింది, చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనేది. అప్పుడు ఉమ్ము తగలకుండా దూది ఉండ ఒక్కటే పెట్టారు. మధ్యలోనే అది తడిసిపోయిన సంగతి నా నాలుకకు తెలుస్తూనే ఉంది. అయినా నోరు విప్పి చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది.

రెండోసారి డాక్టరుగారు ముందు పంటి చుట్టూ పల్చటి రబ్బరు షీటు బిగించారు. ఉమ్ము చుక్క కూడా లోపలికి రాలేదు. పంటికి 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం రాసి, కడిగి, ఆరబెట్టి, అతుక్కోవడానికి బాండింగ్ ద్రవం పూశారు. తర్వాత రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా పేస్టు నింపుతూ ప్రతి పొరా గట్టిపడేలా ఇరవై సెకన్లు నీలి లైటు పెట్టారు. మొత్తం నాలుగు పొరలు. ఒక్కసారే నింపేస్తే లైటు అడుగుదాకా వెళ్లదు. పైగా గట్టిపడేటప్పుడు రెజిన్ రెండు మూడు శాతం కుంచించుకుపోయి పంటి గోడను లాగుతుంది. దవడ నొప్పి పుట్టింది కానీ ఆ ఓపికకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక సరుకు సంగతి. ఈ పేస్టు బరువులో డెబ్బై అయిదు శాతం పైనే పొడి ఉంటుంది. సిలికా రేణువులు 20 నానోమీటర్ల స్థాయివి, కాంతి తరంగం కంటే ఎంతో చిన్నవి. అందుకే పాలిష్ చేస్తే పంటిలాగే మెరుస్తుంది. పాత రకాల్లో రేణువులు పెద్దవి, అవి ఊడిన చోటల్లా గరుకు తేలేది. రేణువుని రెజిన్‌కి పట్టించేది సైలేన్ పూత. దాని ఒక కొస సిలికాని పట్టుకుంటుంది, ఇంకో కొస రెజిన్‌ని. 1962లో అమెరికన్ దంత పరిశోధకుడు రఫేల్ బోవెన్ పంటి ఫిల్లింగ్ సరుకు మీద తీసుకున్న పేటెంట్‌లో కూడా సైలేన్ పూసిన సిలికాయే ఉంది. ల్యాబ్‌లో పూత సరిగ్గా పట్టని బ్యాచ్ ఎలా విరుగుతుందో రోజూ చూస్తాను కాబట్టి, ఇది తెలిశాక నాకు టెన్షన్ తగ్గింది.

ఇబ్బందులు లేకపోలేదు. మొదటి వారం కొరికితే పోటు వచ్చేది. ఫిల్లింగ్ వెంట్రుకవాసి ఎత్తుగా ఉందట. మళ్లీ వెళ్తే నీలం కాగితం కొరికించి, మచ్చ పడిన చోట అరగదీశారు. పోటు మర్నాటికే పోయింది. ఇంకోటి, పక్క పంటికి ఆనుకున్న చోట పళ్ల సందులు శుభ్రం చేసే ఫ్లాస్ దారం కొంచెం బిగుతుగా దూరుతుంది.

మీరు చేయించుకుంటే రబ్బరు షీటు వేస్తారా అని ముందే అడగండి. మొహమాటపడకండి.

మొన్న చెకప్‌లో డాక్టరుగారు కొక్కెంలాంటి సన్నటి సూదితో అంచు చుట్టూ గీసి చూశారు. సూది ఎక్కడా పట్టలేదు, అంటే అంచు ఇంకా విడలేదు.